తేటనీటిలోని ముప్పు

కొవ్వూరు గోష్పాద క్షేత్రం మెట్లపై నిలిచి చూస్తే అఖండ గోదావరి కనులపండువుగా కనబడుతుంది. వరద రోజులలో ఆ నీరు ఒండ్రుమట్టితో ఎర్రబారి వస్తుంది. పూర్వం ఈ తీరాన ఇల్లాండ్రు ఆ నీటిని బిందెలతో తెచ్చి, చిల్లగింజ అరగదీసి కలిపి, మడ్డి అడుగుకు దిగిన తరువాత పైతేటను వంటకు, త్రాగటానికి వాడేవారు. నీరు తేరినదంటే మంచిదయినదని మాకు తరతరాల నమ్మకం. అయితే తెలుగునాటనే మరికొన్ని సీమలలో, అద్దంవలె తేటగా ఉన్న బావినీరే మనుషుల నడుములను వంచివేసినది. ఆ రహస్యం ఎట్లా బయటపడినదో, పడిన తరువాత ఏమి జరిగినదో శ్రోతలతో ముచ్చటించ దలచాము.

1930 దశకం ఆరంభంలో అప్పటి నెల్లూరు జిల్లా మెట్ట గ్రామాల రైతులు ఒక వింత గమనించారు. అరక దున్నే ఎద్దులు కీళ్లు బిగిసి అడుగు వేయలేకపోతున్నవి. కొన్నేళ్లకు అదే జాడ్యం మనుషులలోను కనిపించినది. పిల్లల పండ్లపై సున్నపు మచ్చలు, గోధుమరంగు చారలు. పెద్దలకు మెడ తిరగదు, వెన్ను వంగదు. 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి అనే పరిశోధకులు ఈ వ్యాధిని శాస్త్రీయంగా వర్ణించి, దానికి మూలం త్రాగునీటిలోని ఫ్లోరైడు అని లోకానికి తెలియజేశారు.

ఫ్లోరైడు ఎక్కడినుండి వచ్చినది? కొన్ని రాళ్లలోని ఖనిజాల నుండి అది భూగర్భజలంలో కరుగుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. కాచినందువల్ల పోదు సరికదా, నీరు ఇగిరినకొద్దీ చిక్కబడుతుంది. ఏళ్లతరబడి త్రాగితే ఎముకలలో పేరుకుంటుంది; కీళ్ల చుట్టూ ఉన్న నరాలవంటి పట్టీలు గట్టిపడతాయి; ముదిరితే వెన్నుపాము నొక్కుకొని కాళ్లు చచ్చుబడతాయి. నేటి ప్రమాణం ప్రకారం లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములకు మించరాదు.

చిత్రమేమంటే, ఆ 1937లోనే డెన్మార్కు వైద్యుడు కై రోహోల్మ్ ఇదే విషంపై ఒక ఉద్గ్రంథం ప్రకటించాడు. ఆయన పరీక్షించినవారు కోపెన్‌హేగన్‌లో క్రయొలైటు ఖనిజాన్ని పొడిచేసే కర్మాగారపు కూలీలు. అక్కడ పీల్చిన ధూళి, ఇక్కడ త్రాగిన నీరు. దారులు వేరయినా ఎముకకు కలిగిన కీడు ఒక్కటే.

తరువాతి ఘట్టం నల్లగొండ. 1955లో డాక్టర్ సిద్ధిఖీ ఆ జిల్లా రోగులను గూర్చి వ్రాసిన వ్యాసం బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడినది. 1973లో హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి మరొక విషాదాన్ని వెల్లడించారు. ఫ్లోరైడు పీడిత గ్రామాల పిల్లలలో, యువకులలో మోకాళ్లు ఒకదానికొకటి ఒరసుకొని, పాదాలు ఎడమై, నడక కుంటుపడుతున్నది. నీటితోపాటు తిండిని కూడ పరిశీలించవలసిన అవసరాన్ని వారి పరిశోధనలు చాటినవి.

ఆ దశకంలోనే నాగపూరులోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థవారు సులభమైన ఉపాయం చెప్పారు. నీటిలో పటిక, సున్నం, బ్లీచింగు పొడి తగు పాళ్లలో వేసి కలిపితే మడ్డి కట్టి, ఫ్లోరైడులో కొంత దానితో అడుగుకు దిగుతుంది. దీనికి నల్లగొండ పద్ధతి అని పేరు. మా చిల్లగింజకు ఇది దగ్గరి చుట్టమే! కాని రోజూ పాళ్లు చూచి కలిపేవారు, మడ్డిని దూరంగా పారవేసేవారు ఉండాలి. అందుచేత శాశ్వత పరిష్కారం నదీజలమే అయినది. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ గొట్టాల ద్వారా నల్లగొండ పల్లెలకు కృష్ణనీరు అందించినది.

1937 ఎక్కడ, 2016 ఎక్కడ! కారణం తెలిసిన తరువాత ఇంచుమించు ఎనుబదేండ్లు. ఈ నడుమ పుట్టి, అదే బావినీరు త్రాగి, వంగిన ఎముకలతో పెరిగినవారికి ఏ మంచినీరూ ఆ కాళ్లను తిరిగి చక్కచేయలేదు. శాస్త్రజ్ఞుడు చెప్పిన మాట బిందెలోకి చేరేదాకా పరిశోధన సగమే జరిగినట్లు.

గోదావరి ఒడ్డున ఉన్నామన్న ధీమాతో మేమూ నేడు బోరుబావులు త్రవ్వుకుంటున్నాము. క్రొత్త బోరు పడితే కొబ్బరికాయ కొట్టి పండుగ చేసుకుంటాము. అదే నాడు ఒక సీసా నీరు పరీక్షశాలకు కూడ పంపుదాము. తేటనీటిని కంటితో చూచి నమ్మటం మన పెద్దల కాలంలో సరిపోయినదేమో గాని, నెల్లూరు ఎద్దులు కుంటిన నాటినుండి అది చాలదని తెలిసిపోయినది.