దారిలో అడిగే రెండో ప్రశ్న

వీరపునాయునిపల్లె నుంచి ప్రొద్దుటూరుకు గానీ పులివెందులకు గానీ బండి మీద పోయేవాళ్లకు పోలీసు తనిఖీ కొత్త కాదు. లైసెన్సు, బండి కాగితాలు, హెల్మెట్ చూసి పంపిస్తారు. ఇందులో అన్యాయం ఉందని మేము అనడం లేదు. మన జిల్లాలో ఫ్యాక్షన్ రోజులు చూసిన పెద్దలకు తెలుసు, జీపుల్లో నాటుబాంబులు పోతున్న కాలంలో దారి మీద సోదాలు కొన్ని ప్రాణాలను కాపాడాయి. తాగి నడిపేవాడిని పట్టుకోవడానికి అందరి చేతా యంత్రంలో ఊదిస్తే అదీ న్యాయమే. అందరినీ ఆపుతున్నారు కాబట్టి.

అయితే కాగితాలన్నీ సరిగా ఉన్న తర్వాత కూడా మా పిల్లలకు ఇంకో ప్రశ్న ఎదురవుతుంది. "యా ఊరు? ఊర్లో యా పక్క?" పక్క చెబితే కులం తెలిసిపోతుంది. అప్పుడు సంచి విప్పమంటారు, బండి ఎవరిదని అడుగుతారు. ఈ రెండో ప్రశ్న ఆ కానిస్టేబుల్ సొంతంగా పుట్టించింది కాదు. దాని వెనుక నూరేళ్లకు పైబడిన చట్టం ఉంది.

ఎరుకల శాఖల పేర్లు చూడండి. ఉప్పు ఎరుకల, కరివేపాకు ఎరుకల, వెదురు దబ్బలు చీల్చే దబ్బ ఎరుకల. అన్నీ వృత్తుల పేర్లే. ఉప్పు ఎరుకలవాళ్లు కోస్తా ఉప్పును ఎద్దుల మీద, గాడిదల మీద వేసుకుని లోపలి ఊళ్లకు తెచ్చేవాళ్లు, తిరుగు దారిలో ధాన్యం తీసుకుపోయేవాళ్లు. సుగాలీలదీ ఎద్దుల మీద సరుకు మోసే బతుకే. దారిలో తిరగడమే వీళ్ల వ్యాపారం. తిరగకపోతే తిండి లేదు.

మద్రాసు నుంచి కడప, కమలాపురం, ఎర్రగుంట్ల మీదుగా వేసిన రైలుమార్గం 1871 నాటికి రాయచూరు చేరింది. ఉప్పు రైలెక్కింది, ఎద్దులకు పని పోయింది. తర్వాత 1876-78 కరువు వచ్చింది. 1882 మద్రాసు అటవీ చట్టంతో మేతకూ వెదురుకూ అడవి దూరమైంది. అంటే ఇరవై ఏళ్లలోపే బతుకుతెరువులన్నీ మూసుకుపోయాయి. తిరిగే అలవాటు మాత్రం మిగిలింది. సర్కారు కంటికి అదే నేరంలా కనిపించింది.

రైలు రాయచూరు చేరిన ఆ 1871లోనే నేరస్థ జాతుల చట్టం చేశారు. మొదట అది ఉత్తరాదికే. సాలె కొడుకు సాలె అయినట్టు దొంగ కొడుకు దొంగే అవుతాడన్నది అప్పటి దొరల వాదన. 1911లో కొత్త చట్టం వచ్చాక అది మద్రాసు రాజధానికీ చేరింది. ఎరుకలవాళ్లు ముందు వరుసలో చిక్కుకున్నారు. సుగాలీ, యానాది, దొమ్మర వంటి వాళ్లనూ వేర్వేరు జిల్లాల్లో జాబితాలకెక్కించారు.

ఆ చట్టం ఏం చెప్పిందో ఉపాధ్యాయులు తరగతిలో వివరంగా చెప్పాలి. జాబితాలో ఉన్నవాళ్ల వేలిముద్రలు తీసుకున్నారు. నియమిత వేళకు వచ్చి హాజరు చెప్పుకోవాలన్నారు. కేటాయించిన హద్దు దాటి పాసు లేకుండా కనిపిస్తే పోలీసే కాదు, గ్రామపెద్ద, తలారి కూడా వారంటు లేకుండా పట్టుకోవచ్చు. దొంగతనం చేయబోతున్నాడని కోర్టుకు నమ్మకం కుదిరితే చాలు, మూడేళ్ల వరకు జైలు. దొంగతనం జరిగి ఉండనక్కరలేదు. పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరుచేసే అధికారం కూడా అందులో ఉంది. బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీ నడిపిన స్టూవర్టుపురం, కావలి దగ్గరి కప్పరాళ్లతిప్ప ఈ చట్టం నీడలో వెలసిన సెటిల్‌మెంట్లే. స్టూవర్టుపురం పేరు వింటే ఇప్పటికీ సినిమా దొంగలే గుర్తొస్తారు గానీ, ఆ ఊరి మనుషులను అక్కడ పెట్టిందెవరో ఎవరికీ గుర్తురాదు.

ఈ చట్టాన్ని మద్రాసు ప్రభుత్వం 1947లో రద్దు చేసింది. కేంద్రం వేసిన విచారణ సంఘానికి మన చిత్తూరు జిల్లా వాడైన అనంతశయనం అయ్యంగార్ అధ్యక్షుడు. ఆ తర్వాత 1952 ఆగస్టు 31న దేశమంతటా రద్దయింది. కానీ 1962లో ఆంధ్రప్రదేశ్‌లో అలవాటుపడిన నేరస్థుల చట్టం వచ్చింది. కాగితం మీద అది కులానికి కాదు, పదేపదే శిక్షపడిన మనిషికి వర్తిస్తుంది. స్టేషన్‌లో మాత్రం పాత జాబితా మనుషుల జ్ఞాపకంలోనే ఉండిపోయింది.

అది ఎంతదాకా పోగలదో చెప్పే ఘటన మనకు దూరమైనది కాదు. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవిలో ఎర్రచందనం టాస్క్‌ఫోర్స్ కాల్పుల్లో తమిళనాడు కూలీలు 20 మంది చనిపోయారు. వాళ్లలో చాలామంది మలయాళి గిరిజనులు. మావాళ్లను బస్సులో నుంచి దింపి తీసుకుపోయారని, తాము తప్పించుకున్నామని కొందరు జాతీయ మానవహక్కుల కమిషన్ ముందు చెప్పారు. రాళ్లతో, గొడ్డళ్లతో దాడి చేస్తే కాల్చామని పోలీసులు అన్నారు. ఎర్రచందనం కొట్టడం నేరమే, మేము దాన్ని వెనకేసుకురావడం లేదు. మేము అడిగేది ఒకటే. ఆ సాక్షులు చెప్పింది నిజమైతే, బస్సు నిండా మనుషులుండగా దింపవలసినవాళ్లెవరో దేన్ని చూసి తేల్చారు?

ఇంగ్లండులో కూడా 1824 నాటి దిమ్మరుల చట్టం కింద, అనుమానం ఉందంటూ నల్లజాతి యువకులను వీధుల్లో పట్టుకుంటూ వచ్చారు. గొడవలు ముదిరాక 1981లో ఆ నిబంధనను తీసేశారు. ఆ దొరలు మనకిచ్చిన చట్టం దాని కంటే ముందే పోయింది, మనసులో నుంచి పోవడమే ఆలస్యం.

ఇప్పుడు మన చేతిలో ఉన్న చట్టం సంగతి. యూనిఫాంలో ఉన్న పోలీసు అడిగితే డ్రైవరు లైసెన్సు చూపాలి, ఇది మోటారు వాహనాల చట్టం 130వ సెక్షన్. డిజిలాకర్‌లో చూపినా చెల్లుతుంది. సంచి విప్పడం వేరు సంగతి. నేర దర్యాప్తులో వారంటు లేకుండా సోదా చేయాలంటే ఆ అధికారి ముందే కారణం రాసిపెట్టాలి. చట్టంలో "స్థలం" అన్న మాటలో బండి కూడా ఉంది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త సంహిత ప్రకారం ఆ సోదాను ఆడియో, వీడియో తీయాలి. ఆడవాళ్లను ఆడవాళ్లే తనిఖీ చేయాలి. 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు జైళ్లలో కులవివక్ష మీద ఇచ్చిన తీర్పులో, విముక్త జాతుల వాళ్లను ఇష్టమొచ్చినట్టు అరెస్టు చేయకుండా చూడాలని పోలీసులకు ప్రత్యేకంగా ఆదేశించింది.

యువకులకు ఇంకొక మాట. గంపలు, చీపుర్లు వేసుకుని సంతకు పోయే మన ఇళ్లలో చాలా బండ్లు సెకండ్ హ్యాండువి. ఆర్‌సీ మాత్రం పాత యజమాని పేరు మీదే ఉంటుంది. దొంగబండి అన్న అనుమానానికి అదే సందు. కొన్న 30 రోజుల్లోపు పేరు మార్పుకు దరఖాస్తు చేయాలి. అమ్మినవాడి చేత ఫారం 29 మీద, ఫారం 30 మీద సంతకం పెట్టించుకోకుండా డబ్బు చేతికివ్వకండి. ఈ రెండు ఫారాలు నింపడం ఎలాగో పది దాటిన పిల్లలకు బడిలోనే ఒక పూట చూపిద్దాము.