ఎనిమిది గళ్లు, ఐదు అరలు

నిర్ణీత క్షణంలోపు పని ముగించి తీరవలసిన కంప్యూటర్లను నడిపేది రియల్‌టైమ్ ఆపరేటింగ్ సిస్టమ్. అందులో ప్రతి పనినీ ఒక టాస్క్‌గా సృష్టించి, దానికి కొంత మెమరీ కేటాయిస్తారు గనుక, ఆ మెమరీ దొరకనప్పుడు టాస్క్ పుట్టదు. ఈ వైఫల్యపు చరిత్రలో, అపోలో 11 చంద్రుడిపై దిగిన 1969 జూలై 20ని మించిన ఘట్టం లేదు.

అపోలో కంప్యూటర్‌ను ఎంఐటీ ఇన్‌స్ట్రుమెంటేషన్ ల్యాబొరేటరీ రూపొందించగా, పనులకు వంతులు వేసే ‘ఎగ్జిక్యూటివ్’ అనే ప్రోగ్రామ్‌ను హాల్ లేనింగ్ తీర్చిదిద్దారు. చెరిపి రాయగల మెమరీ అంతా కలిపి 2,048 పదాలే. ఇక్కడ పదమంటే 16 బిట్ల ముక్క. ‘జాబ్’ అని పిలిచే ప్రతి పనికీ 12 పదాల ‘కోర్ సెట్’ అనే గడి, వెక్టర్ లెక్కలున్న పెద్ద పనికైతే అదనంగా 44 పదాల ‘వ్యాక్’ అనే అర కావాలి. చంద్రనౌకలో ఉన్నవి ఎనిమిది గళ్లు, ఐదు అరలు. గడి దొరకకపోతే 1202, అర దొరకకపోతే 1201 అన్న అంకె వెలిగేది.

ఆనాటి అవరోహణలో 1202 నాలుగుసార్లు, 1201 ఒకసారి వెలిగాయి. అంతకుముందు ఒక రిహార్సల్‌లో ఇలాంటి అలారమే చూసి దిగడం మానుకొమ్మని పొరపాటున ఆదేశించినందువల్ల, హ్యూస్టన్ నియంత్రణ కేంద్రంలో ఇంజనీర్ జాక్ గార్మన్ అలారంలన్నిటికీ చేతిరాత జాబితా ఒకటి సిద్ధం చేసి ఉంచుకున్నారు. దాని బలంతోనే గైడెన్స్ అధికారి స్టీవ్ బేల్స్ ముందుకు సాగమనగలిగారు.

చోటు చాలలేదని యంత్రం చెప్పింది గాని, నిజంగా చాలనిది సమయం. దిగేటప్పుడు అవసరమే లేని రెండెవూ రాడార్ స్విచ్ కంప్యూటర్ స్థానంలో కాక మరో స్థానంలో ఉండడంతో, పౌనఃపున్యం ఒకటే అయినా లయ కలవని రెండు 800 హెర్ట్జ్ విద్యుత్ సరఫరాల మధ్య యాంటెన్నా కోణాలు అదేపనిగా మారుతున్నట్టు కనిపించి, సెకనుకు 12,800 దాకా పల్సులు వచ్చిపడ్డాయి. ఒక్కో పల్సును లెక్కపెట్టడానికి 11.7 మైక్రోసెకన్లు పోగా, ప్రాసెసర్ కాలంలో దాదాపు 15 శాతం హరించుకుపోయింది. రెండు సెకన్లకోసారి నడిచే ‘సర్వీసర్’ అనే జాబ్ ముగియకముందే మరో సర్వీసర్ వచ్చేది. పాతది గడి వదిలేది కాదు. మరో నాలుగు గళ్లు ఇచ్చి ఉన్నా అవీ అలాగే నిండేవి.

అలారం వెలిగిన ప్రతిసారీ ఎగ్జిక్యూటివ్ జాబ్‌లన్నిటినీ తుడిచేసి, రీస్టార్ట్ పట్టికల్లో నమోదైన ముఖ్యమైనవాటిని మాత్రమే చివరిగా గుర్తుపెట్టిన చోటు నుంచి తిరిగి లేపేది. ఇంజన్ ఒక్క క్షణమైనా ఆగలేదు.