అలంపుర క్షేత్రంలో సారస్వత సభ

శ్రీశైలానికి పశ్చిమద్వారమైన అలంపురం ఉత్తరవాహినియైన తుంగభద్రా తీరంలో ఉన్నది. ఇచటి ఆలయాలకు నవబ్రహ్మాలయాలని పేరేగాని తొమ్మిదింటిలోనూ ప్రతిష్ఠితుడు పరమశివుడే. 7, 8 శతాబ్దాలలో బాదామి చాళుక్యులు వీటిని నిర్మించారు. అష్టాదశ శక్తిపీఠాలలో పరిగణింపబడిన జోగులాంబ కూడా ఈ క్షేత్రవాసినియే. అయితే 14వ శతాబ్దాంతంలో బహమనీ సైన్యం అమ్మవారి ఆలయాన్ని ధ్వంసం చేయగా, మూర్తిని సమీపంలోని బాలబ్రహ్మాలయంలో ఉంచి అర్చించారని స్థానిక చరిత్ర.

ఆగమ విధానంలో జీర్ణోద్ధరణ సమయాన దేవతాశక్తిని తాత్కాలికంగా ఆవాహన చేసే స్థానాన్ని బాలాలయమంటారు. సాధారణంగా అది కొన్ని మాసాల వ్యవస్థ. జోగులాంబకు అది ఆరు శతాబ్దాలు సాగింది! (బాలబ్రహ్మ నామంలోని బాలశబ్దం యాదృచ్ఛికమే కావచ్చును.)

తెలుగుభాషకూ నిజాం రాష్ట్రంలో ఇట్టి దశయే పట్టినది. విద్యాలయాలలో, రాజకార్యాలలో దానికి స్థానం స్వల్పం. 1943లో హైదరాబాదులోని రెడ్డి హాస్టలులో నిజాం రాష్ట్ర ఆంధ్ర సారస్వత పరిషత్తు ఆవిర్భవించింది. అది ప్రవేశ, విశారద మొదలైన పరీక్షలు నిర్వహించి, పాఠశాలలో లభించని తెలుగు చదువును గ్రామగ్రామాలకు చేర్చింది. ఊరూరా జరిగిన ఆ వార్షిక సభలు పండితులకే పరిమితం కాక సామాన్యులకూ ఉత్సవాలయ్యాయి.

వానిలో 1953 జనవరిలో అలంపురంలో జరిగిన సభలు విశిష్టమైనవి. అప్పటికి అలంపురం తాలూకా రాయచూరు జిల్లాలోనిది. తెలుగు, కన్నడ సీమల సంధిస్థానమది. భాషాప్రాతిపదికపై రాష్ట్రాలు ఏర్పడాలన్న ఆందోళన తీవ్రంగా ఉన్న ఆ కాలంలో అచట తెలుగు సభ జరుగుట కేవలం సాహిత్య వినోదం కాదు. ఈ నేల వాణి ఏదో లోకానికి తెలుపుటయే అది. 1956లో రాష్ట్ర పునర్విభజన జరిగినపుడు అలంపురం, గద్వాల తాలూకాలు ఆంధ్రప్రదేశ్‌లో చేరి మహబూబ్‌నగర్ జిల్లాలో భాగములయ్యాయి.

సభల నిర్వహణభారం ప్రధానంగా వహించినవారు అలంపుర నివాసి గడియారం రామకృష్ణశర్మ. సంస్కృతాంధ్ర పండితులు, శాసన పరిశోధకులు, సుజాత పత్రికా సంపాదకులు. తరువాతి కాలంలో తెలంగాణ శాసనాల రెండవ సంపుటానికి సంపాదకత్వం వహించిందీ వీరే. ప్రారంభకులుగా ఉపరాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ విచ్చేశారు. వారి ఉపనిషద్వ్యాఖ్యాన గ్రంథం వెలువడినదీ ఆ సంవత్సరమే. ఆ సభలలోనే కాళోజీ ‘నా గొడవ’ను శ్రీశ్రీ ఆవిష్కరించారు. శక్తిపీఠ సన్నిధిలో శ్రీశ్రీయా అని నేడు ఎవరైనా ఆశ్చర్యపడవచ్చు. శాక్తక్షేత్రానికి వాక్కు ఏ రూపంలో వచ్చినా పరకీయం కాదు.

ఉత్సవం ముగిసినా పని మిగిలింది. శాసనాల సేకరణ, పఠనం అలాగే కొనసాగాయి. శ్రీశైలం జలాశయం నిర్మితమైనపుడు కృష్ణా తుంగభద్రా సంగమస్థలమైన కూడవెల్లిలోని సంగమేశ్వరాలయం మునిగిపోయే స్థితి వచ్చింది. పురావస్తుశాఖ దానిని శిలాశిలగా విప్పి, అలంపురానికి తెచ్చి మరల కూర్చింది. గర్భగుడి చెక్కుచెదరక నిలిచినా సంగమజలం మాత్రం దాని పాదాలను ఇక తాకదు. ఆ లోటును ఏ శిల్పీ తీర్చలేడు.

రామకృష్ణశర్మ 2006లో కీర్తిశేషులైనారు. వారి ఆత్మకథ ‘శతపత్రము’నకు మరుసటి సంవత్సరం కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. అంతకు ముందు 2005లో, పూర్వస్థలంలోనే నిర్మించిన నూతనాలయంలోనికి జోగులాంబ ప్రవేశించినది.