పాత మోపెడ్‌కి ఇంట్లోనే వెనక షాకప్‌లు పెట్టొచ్చా?

వెనక సస్పెన్షన్ లేని పాత మోపెడ్‌కి మనమే షాకప్‌లు బిగించొచ్చా? ఈ ఎపిసోడ్ దాని గురించే. జవాబు కావాలంటే కొంచెం చరిత్రలోకి వెళ్లాలి.

మోపెడ్ అంటే మొదట్లో ఇంజిన్ పెట్టిన సైకిలే. వెనక చక్రం నేరుగా ఫ్రేమ్‌కే ఉండేది. 1967లో ఇటలీలో పియాజియో కంపెనీ 'చావ్' అనే మోపెడ్ తెచ్చింది. పేరు విని భయపడకండి, వాళ్ల భాషలో అది పలకరింపు! దాని తొలి మోడల్‌లో వెనక వైపు స్ప్రింగు ఉన్నది సీటు కింద మాత్రమే. ఆ డిజైన్ ఆధారంగానే కైనెటిక్ ఇంజినీరింగ్ 1972లో మనకు 50 సీసీ లూనా ఇచ్చింది.

సీటు స్ప్రింగు నడిపేవాళ్ల నడుమును కాపాడుతుంది, అంతే. క్యారియర్ మీది పాల క్యాన్లకు, ఫ్రేమ్‌కు గుంత దెబ్బ పూర్తిగా తగులుతుంది. మన దగ్గర మోపెడ్ ఒక్కరి బండిగా ఎక్కడ ఆగింది? 1980లో హోసూరు నుంచి టీవీఎస్ 50 వచ్చింది, దేశంలో ఇద్దరు కూర్చునే తొలి మోపెడ్ అదే. కూరగాయలు, పశువుల మేత, గ్యాస్ సిలిండర్, అన్నీ దాని మీదికే ఎక్కాయి. వెనక చక్రానికి స్ప్రింగు ఎందుకు కావాలో ఆ బరువే చెబుతుంది.

ఇప్పుడు అసలు కథ. ఇవాళ బైకుల్లో కనిపించే పద్ధతి, అంటే పైకీ కిందికీ ఊగే స్వింగ్ ఆర్మ్, దానికి రెండు షాకప్‌లు, స్థిరపడటంలో ఒక సొంత మెకానిక్ చెయ్యి ఉంది. బెల్‌ఫాస్ట్‌కి చెందిన రెక్స్ మెక్‌క్యాండ్లెస్. నాలాగా బీటెక్ కాదు, పని చేస్తూ నేర్చుకున్నాడు. 1940లలో సిట్రోయెన్ కారు షాకప్‌లతో సొంత బైకు తయారు చేశాడు. తర్వాత స్ప్రింగు లేని బైకులకు బిగించే కిట్లు అమ్మాడు. 1950లో నార్టన్ కంపెనీ అతని ఫ్రేమ్‌తోనే ఐల్ ఆఫ్ మ్యాన్ రేసులు గెలిచింది. ఆ ఫ్రేమ్‌కి 'ఫెదర్‌బెడ్', అంటే ఈకల పరుపు, అని పేరొచ్చింది.

ఒకటి గమనించండి. అతను మార్చింది ఉత్త స్ప్రింగులు కాదు, ఫ్రేమ్‌నే. స్వింగ్ ఆర్మ్ కీలు ఇంజిన్ చైన్ పళ్లచక్రానికి దగ్గరగా లేకపోతే, చక్రం ఊగినప్పుడల్లా చైన్ బిగుస్తుంది, వదులవుతుంది. షాకప్ పై కొన బిగించిన చోట సన్న గొట్టం ఉంటే, వెల్డింగ్ పక్కనే పగులుతుంది. అది లోడుతో, రోడ్డు మీద జరిగితే?

చట్టం కూడా ఉంది. కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండి మార్చకూడదని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 చెబుతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దాన్నే గట్టిగా చెప్పింది. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ దగ్గర పేచీ రావొచ్చు.

అందుకే నా మాట: షెడ్డులో, సొంత స్థలంలో ప్రయోగం చేయండి, చాలా నేర్చుకుంటారు. రోజూ రోడ్డెక్కి బతుకుదెరువు నడిపే బండికి మాత్రం మంచి సీటు స్ప్రింగు, సరైన గాలి, తక్కువ లోడు చాలు. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.