ఎఫ్‌ఎం ట్రాన్స్‌మిటర్‌లో ఆడియో ఇన్‌పుట్‌ అమరిక

చిన్న ఎఫ్‌ఎం కేంద్రంలో మాట స్పష్టంగా వినబడకపోతే తప్పు సాధారణంగా యాంటెన్నా మీదికో, ట్రాన్స్‌మిటర్‌ వాట్ల మీదికో వెళుతుంది. అనేక సందర్భాల్లో లోపం ట్రాన్స్‌మిటర్‌లోకి ధ్వని ప్రవేశించే చోటనే ఉంటుంది. మనదేశంలో 2006 నాటి విధానం సామాజిక రేడియో కేంద్రాల ప్రసార శక్తిని సాధారణంగా 100 వాట్లకు, యాంటెన్నా ఎత్తును 30 మీటర్లకు పరిమితం చేసింది. నేటి సంగారెడ్డి జిల్లా మాచ్‌నూరులో 2008లో దళిత మహిళల నిర్వహణలో మొదలైన సంఘం రేడియో ఈ కోవలోనిదే. శక్తిని ఇష్టానుసారం పెంచుకునే వీలులేని ఇటువంటి కేంద్రాలకు ఇన్‌పుట్‌ అమరిక చిన్న విషయం కాదు. తుపాను హెచ్చరికలో ఊరి పేరు శ్రోతకు అర్థమయ్యేదీ లేనిదీ దానిపైనే ఆధారపడవచ్చు.

ఎఫ్‌ఎం విధానంలో ధ్వని బిగ్గరగా ఉన్నకొద్దీ వాహక తరంగం తన కేంద్ర స్థానం నుంచి అంత దూరం అటూఇటూ కదులుతుంది. దీనినే విచలనం అంటారు. దాని గరిష్ఠ పరిమితి ఒక్కో వైపు 75 కిలోహెర్ట్జ్‌. అంటే 90.4 మెగాహెర్ట్జ్‌పై నడిచే కేంద్రం తరంగం 90.325, 90.475ల మధ్యనే ఊగాలి. ఇన్‌పుట్‌ మోతాదు మించితే శ్రోత రేడియోలో మాట పగులుతుంది, పొరుగు కేంద్రాల ప్రసారంలోకీ చొరబడుతుంది. తగ్గితే మాట సన్నబడి, రేడియో సహజంగా చేసే బుసలో కలిసిపోతుంది. శ్రోత శబ్దం పెంచితే బుసా పెరుగుతుంది. ఇన్‌పుట్‌ను ఎంత పెంచినా ప్రసార శక్తి మాత్రం పెరగదు. ఈ సంగతి తెలియకనే చాలామంది దూరప్రాంతాలకు వినబడాలని ఆ మీటను తిప్పుతుంటారు.

ముందుగా మిక్సర్‌ నుంచి వచ్చే సంకేతం ఏ స్థాయిదో తెలుసుకోవాలి. స్టూడియో పరికరాల ప్రామాణిక స్థాయి ప్లస్‌ 4 డీబీయూ, అంటే సుమారు 1.23 వోల్టులు. ఇళ్లలో వాడే పరికరాలది మైనస్‌ 10 డీబీవీ, అంటే సుమారు 0.32 వోల్టులు. రెండింటికీ దాదాపు నాలుగు రెట్ల తేడా ఉంది గనుక, మిక్సర్‌ తీసి కంప్యూటర్‌ను నేరుగా తగిలిస్తే పాత అమరిక పనికిరాదు.

అమరిక పని కృత్రిమ లోడుపై చేయడం ఉత్తమం. యాంటెన్నా గానీ లోడు గానీ లేకుండా ట్రాన్స్‌మిటర్‌ను ఎన్నడూ ఆన్‌ చేయరాదు. మిక్సర్‌ నుంచి 400 హెర్ట్జ్‌ పరీక్షా ధ్వనిని పంపి, విచలన మీటరును చూస్తూ ఇన్‌పుట్‌ను నెమ్మదిగా పెంచాలి. తరచుగా జరిగే పొరపాటు ఇక్కడే. మిక్సర్‌ ముల్లు సున్నా వద్ద ఉండగా మీటరు 75 చూపేలా అమర్చి, పని అయిపోయిందనుకుంటారు. ముల్లు చూపేది సగటు స్థాయిని. మాటలోని క్షణికమైన శిఖరాలు దానికంటే 8 నుంచి 10 డెసిబెళ్లు పైకి లేస్తాయి. కనుక లిమిటర్‌ లేని కేంద్రంలో ఆ పరీక్షా ధ్వనికి 30 కిలోహెర్ట్జ్‌కు మించని విచలనం ఉంచడం క్షేమం. లిమిటర్‌ ఉంటే దాని గరిష్ఠ స్థాయినే 75కు సరిపెట్టవచ్చు. స్టీరియోలో 19 కిలోహెర్ట్జ్‌ పైలట్‌ సంకేతం కూడా ఈ పరిమితిలోనే సుమారు పదో వంతు తీసుకుంటుందని గుర్తుంచుకోవాలి.

తెలుగు కేంద్రాలు ప్రత్యేకంగా గమనించవలసింది ప్రీ ఎంఫసిస్‌. బుసను తగ్గించేందుకు ట్రాన్స్‌మిటర్‌ హెచ్చు పౌనఃపున్యాలను ముందే పెంచి పంపుతుంది, రేడియో వాటిని తిరిగి తగ్గిస్తుంది. భారత్‌లో దీని విలువ 50 మైక్రోసెకన్లు, అమెరికాలో 75. యాభై వద్దనే 15 కిలోహెర్ట్జ్‌ ధ్వని దాదాపు 14 డెసిబెళ్లు పెరుగుతుంది. స, శ, చ వంటి అక్షరాల శక్తి ఎక్కువగా పైస్థాయి పౌనఃపున్యాల్లో ఉంటుంది కనుక, పరికరం 75 మీద ఉండిపోతే ముందుగా కీచుమనేవి అవే. ఆడియో ప్రాసెసర్‌లోనూ ట్రాన్స్‌మిటర్‌లోనూ రెండు చోట్లా ప్రీ ఎంఫసిస్‌ ఆన్‌ అయితే పరిస్థితి మరింత విషమిస్తుంది. ఒక్కచోటే ఉంచాలి.

మాటే ప్రధానమైన కేంద్రానికి మోనో మేలు. బలహీనమైన సంకేతంలో స్టీరియో కంటే అందులో బుస చాలా తక్కువ. స్టీరియో తప్పనిసరైతే రెండు కేబుళ్ల తీగలు ఒకే వరుసలో ఉన్నాయో లేదో చూడాలి. ఒకదానిలో తీగలు తారుమారైతే, హెడ్‌ఫోన్‌లో వింటున్న నిర్వాహకుడికి కాస్త తేడాగానే తోస్తుంది. ఒకే స్పీకరున్న రేడియోలో మాత్రం ఎడమ, కుడి ధ్వనులు పరస్పరం రద్దై, చదువరి గొంతు దాదాపు మాయమవుతుంది.

కరెంటు తాలూకు 50 హెర్ట్జ్‌ గుయ్యిమనే శబ్దం వస్తే బ్యాలెన్స్‌డ్‌ కేబుల్‌ గానీ ఆడియో ట్రాన్స్‌ఫార్మర్‌ గానీ వాడాలి. ప్లగ్గులో ఎర్త్‌ పిన్నును తీసేసే అలవాటు ప్రాణాంతకం.

నిశ్శబ్దాన్ని గుర్తించి ప్రత్యామ్నాయ ఇన్‌పుట్‌కు మారే సదుపాయం ఉంటే, మాటల మధ్య విరామాలకే స్పందించకుండా దాని వ్యవధిని పెంచాలి. చివరగా ఒక చవక రేడియోను కేంద్రానికి దూరంగా తీసుకెళ్లి వినాలి. ఆ పరీక్షను ఒకసారి జనరేటర్‌ నడుస్తుండగా కూడా చేయాలి. తుపాను వేళ కేంద్రం నడిచేది దాని మీదే, మామూలు కరెంటుపై వినబడని గుయ్యిమనే శబ్దం అప్పుడు తలెత్తవచ్చు.