అడిగే మాటలోనే ఉండాది జవాబు

సర్వే వచ్చిందంటే ఎంతమందిని అడిగినారో అందురూ చూస్తారు. ఏమని అడిగినారో చూసేవాళ్ళు తక్కువ. నన్నడిగితే కిటుకంతా ఆడనే ఉండాది.

2019 డిసెంబరు 17న అప్పటి ముఖ్యమంత్రి జగన్ అసెంబ్లీలో మూడు రాజధానుల మాట ఎత్తినారు. విశాఖలో పరిపాలన, అమరావతిలో అసెంబ్లీ, కర్నూల్లో హైకోర్టు. దాని మీద చంద్రగిరిలోనో పూతలపట్టులోనో సర్వే చేస్తా ఉండారనుకోండి. "మన సీమకు హైకోర్టు రావాలా, వద్దా?" అంటే వద్దనేవాడు ఎవుడుంటాడు? అదే మనిషిని "రైతులు భూములిచ్చిన అమరావతి నించి రాజధానిని తరలించాలా?" అని అడిగి చూడండి. "అదెట్టబ్బా న్యాయం?" అంటాడు. మనిషి మారలేదు, ప్రశ్న మారింది. ఏ పార్టీ అయినా తనకు కావాల్సిన సగం అడిగించుకోని, జనం మా పక్కే అని టీవీలో వేయించుకోవచ్చు. లెక్కల్లో దొంగతనం చేయాల్సిన పన్లేదు.

ఇది మన కాడే కాదు. 2003 జనవరిలో అమెరికాలో ప్యూ అనే సంస్థ, సద్దాంను దించేదానికి ఇరాక్ మీద సైన్యాన్ని పంపొచ్చా అని అడిగితే 68 శాతం సరే అన్నారు. "మన సైనికులు వేలమంది చచ్చినా సరేనా?" అని ఒక ముక్క తగిలిస్తే 43 శాతానికి పడిపోయింది.

మన తెలుగులో ఇంకో తిరకాసు "కదా". "సర్కారు బాగా చేస్తా ఉండాది కదా?" అని ప్యాంటు చొక్కా వేసుకున్న పిల్లోడు అడిగితే, పెద్దోళ్ళు మర్యాదకైనా "ఆ, బాగుండాది నాయనా" అంటారు. "ఎట్ట చేస్తా ఉండాది?" అంటే అప్పుడు పింఛను, రోడ్డు, బోరు అన్నీ బయటికొస్తాయి. కుప్పం, నగరి, సత్యవేడు పక్క ఇంకో చిక్కు. ఆడ శానా ఇండ్లల్లో మాట్లాడేది తమిళమో కన్నడమో. సర్వే పిల్లోడు ప్రశ్నను అప్పటికప్పుడు నోటితో మార్చి అడిగితే, కాగితం మీద ఒకటి, చెవిన పడేది ఒకటి.

2024 ఎన్నికలకు ముందు తెలుగుదేశం అభ్యర్థుల మీద ఐవీఆర్ఎస్ కాల్స్‌తో అభిప్రాయం తీసుకునింది. ఇట్టాంటి కాల్స్‌లో కడాన విన్న పేరే చెవిలో నిలబడతాది. "తెలీదు"కు ఒక నంబరు ఇవ్వకపోతే, తెలీనోడు కూడా ఏదో ఒకటి నొక్కి పెట్టేస్తాడు. ఆ నొక్కుడే ఒకరికి టికెట్టు, ఇంకొకరికి మొండిచెయ్యి.

స్కాట్లండ్‌లో 2014 రెఫరెండం ప్రశ్నను "స్వతంత్ర దేశం కావాలని ఒప్పుకుంటారా?" అని రాసినారు. "ఒప్పుకుంటారా" అంటే జనాన్ని అవును పక్కకు తోసినట్టే అని ఆడి ఎన్నికల కమిషన్ చెప్పి, "స్వతంత్ర దేశం కావాలా?" అని మార్పించింది. మన కాడ ఎగ్జిట్ పోల్స్ ఎప్పుడు వేయకూడదో చెప్పే సెక్షన్ 126ఎ ఉండాది. ప్రశ్న ఎట్ట రాయాలనే జోలికి అది పోదు.