మాండలిన్ పలికిన గమకము

మాండలిన్ పాశ్చాత్య వాద్యము. దానికి జంటలుగా ఎనిమిది తంత్రులుండును. మీటిన స్వరము త్వరగా అణగిపోవుటచే సాగదీసెడి గమకములు దానిపై పలుకుట కష్టము.

ఈ లోపమును తీర్చినది ఫారడే 1831లో కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణ. అయస్కాంతమును, రాగితీగ చుట్టను ఉక్కు తంత్రుల క్రింద అమర్చినచో, తంత్రులు కంపించినపుడు చుట్టలో స్వల్పమైన విద్యుత్తు పుట్టును. ఆంప్లిఫయరు దానిని పెంచగా లౌడుస్పీకరు ధ్వనిగా మార్చును. ఇట్టి గిటారుకు అమెరికాలో జార్జి బీచమ్ 1937లో పేటెంటు పొందెను.

పాలకొల్లులో 1969లో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ విద్యుత్ మాండలిన్‌ను కర్ణాటక సంగీతమునకు మలచెను. ఎనిమిదింటికి మారుగా అయిదు ఒంటి తంత్రులు కట్టెను. ఒంటి తంత్రిపై వ్రేలు సులభముగా జారును; క్షీణించు స్వరము కూడ స్పష్టముగా వినబడును. ఆయన 2014లో మరణించునాటికి ఈ పరదేశపు వాద్యము మన కచేరీలలో స్థిరపడినది.